ఎర్ర సముద్రంలో కేబుల్ తెగితే హైదరాబాదులో మనకు ఎందుకు ఇబ్బంది?

గోదావరిగట్టు:
సభ్యులందరికీ నమస్కారం. 2025 సెప్టెంబరు 6న ఎర్ర సముద్రంలో, సౌదీ అరేబియాలోని జెడ్డా దగ్గర, సీ-మీ-వీ 4, ఐమీవీ అనే రెండు సముద్ర గర్భ కేబుళ్ళు దెబ్బతిన్న సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేను హైదరాబాదులో కూర్చుని జర్మనీలోని సర్వర్ల మీద పనిచేసే ఉద్యోగిని. ఆ వారం నాకు ఎదురైన ఇబ్బంది కాస్త విచిత్రంగా తోచింది. ఇంటర్నెట్ ఆగిపోలేదు. మన దేశంలోని వెబ్‌సైట్లన్నీ ఎప్పటిలాగే తెరుచుకున్నాయి. కానీ ఫ్రాంక్‌ఫర్ట్ సర్వరులో ఏదైనా టైపు చేస్తే అక్షరాలు ఒక్కొక్కటిగా, బద్ధకంగా తెర మీదికి వచ్చేవి. వీడియో సమావేశాల్లో ఒకరి మాట ముగిసిందనుకుని మరొకరు అందుకునేసరికి ఇద్దరి మాటలూ ఢీకొనేవి. మా మేనేజరు గారు రెండు రోజులపాటు మా ఇంటి వైఫైనే అనుమానించారు.

నా సందేహాలు రెండు. మన దేశానికి ఇన్ని కేబుళ్ళు ఉండగా ఎక్కడో రెండు తెగినంత మాత్రాన ఇంత తేడా ఎందుకు రావాలి? ఇప్పుడు విశాఖపట్నానికి కూడా కేబుళ్ళు వస్తాయంటున్నారు కనుక, అవి వచ్చాక ఈ బాధ తప్పుతుందా? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కాంతిరేఖ:
గోదావరిగట్టు గారూ, మీరు గమనించిన లక్షణాలే సగం సమాధానం చెబుతున్నాయి. నేను ఇంజనీరింగ్ కళాశాలలో ఆప్టికల్ కమ్యూనికేషన్ పాఠం చెబుతాను కనుక కొంచెం పాఠంలాగే ఉంటుంది, మన్నించండి.

గాజు ఫైబరులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. శూన్యంలో ఉండే వేగంలో ఇది మూడింట రెండు వంతులు. అంటే దారి 10,000 కిలోమీటర్లు పెరిగిన ప్రతిసారీ వెళ్ళడానికి 50 మిల్లీసెకన్లు, తిరిగి రావడానికి మరో 50, మొత్తం 100 మిల్లీసెకన్లు అదనంగా పడతాయి. మీరు దూరపు సర్వరులో టైపు చేసిన ప్రతి అక్షరం అక్కడికి వెళ్ళి తిరిగి వచ్చాకే మీ తెర మీద కనిపిస్తుంది. ఎర్ర సముద్రంలో దారి మూసుకుపోతే రూటర్లు మీ డేటాను పారవేయవు, మరో దారి వెతుక్కుంటాయి. ఆ మరో దారి ఒక్కొక్కసారి చెన్నై నుంచి సింగపూర్, అక్కడి నుంచి పసిఫిక్ దాటి అమెరికా, అక్కడి నుంచి అట్లాంటిక్ దాటి ఐరోపా కావచ్చు. జర్మనీ మనకు పడమర దిక్కున ఉంది, మీ అక్షరం మాత్రం తూర్పు ముఖంగా బయలుదేరి భూగోళాన్ని చుట్టి వెళుతుంది. దానికి తోడు, ఒక రైలు రద్దయితే ఆ ప్రయాణికులందరూ మిగిలిన రైళ్ళ మీద పడ్డట్టు, మిగిలిన కేబుళ్ళలో రద్దీ కూడా పెరుగుతుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం, 2022 చివరినాటికి మన దేశానికి 17 అంతర్జాతీయ కేబుళ్ళు 14 ల్యాండింగ్ స్టేషన్లలో ఒడ్డుకు చేరుతున్నాయి. ఆ స్టేషన్లన్నీ ముంబయి, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురం అనే ఐదు నగరాల్లోనే ఉన్నాయి. పడమరకు వెళ్ళే కేబుళ్ళు దాదాపుగా అన్నీ అరేబియా సముద్రం దాటి, 30 కిలోమీటర్ల వెడల్పు కూడా లేని బాబ్ అల్ మందబ్ జలసంధిలో దూరి, ఎర్ర సముద్రం పొడవునా సాగి, ఈజిప్టులో కొంత దూరం నేల మీద నడిచి మధ్యధరాలో మళ్ళీ నీళ్ళలోకి దిగుతాయి. తాళ్ళు ఎన్ని ఉంటే ఏమిటి, అన్నింటినీ ఒకే గుంజకు కట్టినప్పుడు ఆ గుంజ ఊడితే చాలదా?

సందేహాలరావు:
ఉపగ్రహాలతో నేరుగా ఇంటర్నెట్ ఇచ్చే ఈ కాలంలో ఇంకా సముద్రం అడుగున తీగలు పరచడం, అవి తెగాయని విచారించడం నాకు ఎడ్లబండి కాలపు వ్యవహారంలా కనిపిస్తోంది. పైగా సొరచేపలు వాటిని కొరికేస్తాయని కూడా చదివాను. స్టార్‌లింక్ వంటివి పూర్తిస్థాయిలో వస్తే ఈ చర్చకే అవసరం ఉండదని నా అభిప్రాయం.

కాంతిరేఖ:
సందేహాలరావు గారూ, మీ వాదనలో ఒక మంచి అంశం ఉంది కనుక ముందు దాన్ని ఒప్పుకుంటాను. 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు లేజరుతో ఒకదానికొకటి డేటా అందించుకుంటే, శూన్యంలో కాంతి వేగం ఎక్కువ కనుక, చాలా దూరపు ప్రయాణాలకు అవి ఫైబరు కంటే త్వరగా చేర్చడం సిద్ధాంతరీత్యా సాధ్యమే. చిక్కంతా ఎంత డేటా మోయగలవన్న దానిలో ఉంది. అమెరికాలోని వర్జీనియా బీచ్ నుంచి స్పెయిన్‌లోని బిల్బావో వరకు 6,600 కిలోమీటర్లు వెళ్ళే మరియా అనే కేబులులో ఉన్నవి 8 జతల ఫైబర్లు. అది సెకనుకు 160 టెరాబిట్లు మోసేలా రూపొందింది. ఆ ఫైబర్లు వెంట్రుకంత సన్నవి. ఉపగ్రహం డేటాను రేడియో తరంగాలతో నేలకు దింపాలి, ఆ తరంగాలకు కేటాయించిన స్థలం పరిమితం, దాన్ని అందరూ పంచుకోవాలి. అందుకే ఖండాల మధ్య తిరిగే డేటాలో 95 శాతానికి పైగా నేటికీ సముద్రం అడుగునే వెళుతోంది. కొండ మీది పల్లెకు, నడిసముద్రంలోని ఓడకు ఉపగ్రహం వరమే, కానీ హైదరాబాదంతటి నగరం బరువును అది మోయలేదు.

సొరచేపల కథ 1980ల నాటిది. కానరీ దీవుల దగ్గర వేసిన ఒక ప్రయోగాత్మక కేబుల్ మీద వాటి పళ్ళు దొరికిన మాట నిజం. ఆ తరువాత కేబుళ్ళకు లోహపు తొడుగులు మెరుగుపడ్డాయి. ఇప్పుడు చేపకాట్లు లెక్కలోకి వచ్చే కారణమే కాదు.

తంతితపాలా:
నేను తంతి తపాలా శాఖలో చేరి టెలికాం శాఖలో పదవీ విరమణ చేసినవాణ్ణి. కాంతిరేఖ గారు చెప్పిన దారి కొత్తది కాదని చెప్పడానికి రాస్తున్నాను.

1858లో ఐర్లండుకూ న్యూఫౌండ్‌లాండుకూ మధ్య అట్లాంటిక్‌లో మొదటి తంతి కేబుల్ వేశారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బ్యుకానన్‌కు పంపిన 98 మాటల సందేశం చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. అయినా ఊళ్ళలో సంబరాలు చేసుకున్నారు. ఆ సంబరం మూడు వారాలే నిలిచింది. సంకేతం బలహీనంగా వస్తోందని వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అనే ఆయన సుమారు 2,000 వోల్టుల ఒత్తిడి పెట్టడంతో, అసలే అంతంతమాత్రంగా ఉన్న కేబుల్ పూర్తిగా చచ్చిపోయింది. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు. రోగికి మందు మోతాదు మించిపోయిందన్నమాట. అదే సమయంలో విలియం థామ్సన్, అంటే తరువాత లార్డ్ కెల్విన్ అయిన శాస్త్రవేత్త, ఒత్తిడి పెంచడం కాదు, సన్నటి సంకేతాన్ని పసిగట్టే సాధనం కావాలని చెప్పి, చిన్న అద్దం మీద పడిన వెలుతురు కదలికతో సందేశం చదివే గాల్వనోమీటరును తయారుచేశాడు. 1866లో గ్రేట్ ఈస్టర్న్ అనే మహానౌక వేసిన కేబులుతో గానీ అట్లాంటిక్ తంతి నిలకడగా పనిచేయలేదు.

అదే గ్రేట్ ఈస్టర్న్ 1870లో మన వైపు వచ్చింది. ఉష్ణమండలపు ఎండకు తట్టుకునేందుకు ఒంటికి తెల్లరంగు పూసుకుని వచ్చి, బొంబాయి నుంచి ఏడెన్‌కు, అక్కడి నుంచి ఎర్ర సముద్రంలో సూయజ్ వైపుకు కేబుల్ పరిచింది. అక్కడి నుంచి ఈజిప్టు నేల మీదుగా అలెగ్జాండ్రియా, మాల్టా, జిబ్రాల్టర్ దాటి ఇంగ్లండులోని పోర్త్‌కర్నో తీరానికి లంకె కుదిరింది. 1871లో మద్రాసు నుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్ వైపు తంతి నడిచింది. ఆ కేబుళ్ళలో రాగితీగకు తొడుగు గట్టాపర్చా, అంటే మలయా అడవుల్లోని ఒక చెట్టు జిగురు. దాని కోసం ఆ అడవులను విచ్చలవిడిగా నరికారు.

బొంబాయి, ఏడెన్, ఎర్ర సముద్రం, ఈజిప్టు, మధ్యధరా. 155 ఏళ్ళ క్రితం తంతి వెళ్ళిన బాట ఇది. మన వీడియో సమావేశాలూ ఆ బాటనే వెళుతున్నాయి. లోపలి పదార్థం రాగి నుంచి గాజుకు మారింది గానీ దారి మారలేదు. నా దృష్టిలో ఇది ఇంజనీర్ల లోపం కాదు. మధ్యలోని దేశాల నేల మీదుగా నమ్మకంగా తీగ వేసుకునే రాజకీయం కుదరకపోవడమే కారణం.

గోదావరిగట్టు:
తంతితపాలా గారికి ధన్యవాదాలు. మరి 2025 సెప్టెంబరు ఘటన ఎవరైనా కావాలని చేసినదా? పత్రికల్లో రకరకాలుగా రాశారు.

నడిసంద్రం:
నేను కొన్నేళ్ళు ఒక కేబుల్ మరమ్మతు నౌకలో ఇంజనీరుగా పనిచేశాను. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. సెప్టెంబరు ఘటనకు ఒక వాణిజ్య నౌక లంగరు ఈడ్చుకుపోవడమే కారణం కావచ్చునని అంతర్జాతీయ కేబుల్ రక్షణ సంఘం ప్రాథమికంగా అభిప్రాయపడింది. మా వృత్తిలో ఉన్నవారికి అది ఆశ్చర్యం కలిగించదు. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 దాకా కేబుల్ లోపాలు నమోదవుతాయి. వాటిలో నాలుగింట మూడు వంతుల వరకు లంగర్ల వల్ల, చేపల వలల వల్ల జరిగేవే.

2024 ఫిబ్రవరిలో ఇదే సముద్రంలో జరిగినది ఇంకా వింతైన కథ. యెమెన్‌లోని తిరుగుబాటుదారులైన హౌతీల క్షిపణి తగిలిన రూబీమార్ అనే సరుకుల నౌకను సిబ్బంది లంగరు దించి వదిలి వెళ్ళారు. అది మునిగేలోగా కొట్టుకుపోతూ లంగరును అడుగున ఈడ్చింది. ఆ దారిలో మూడు కేబుళ్ళు తెగాయి. అంటే యుద్ధం వల్లనే తెగాయి, కానీ ఎవరూ కేబుల్ మీద గురిపెట్టలేదు. 2008 జనవరి చివర అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్ళు తెగి మన దేశపు పడమటి సామర్థ్యంలో సగానికి పైగా పోయినప్పుడు కూడా నానా కుట్ర కథలు పుట్టాయి. రెండు రోజుల తరువాత దుబాయ్ దగ్గర తెగిన మరో కేబుల్ పక్కన మరమ్మతు సిబ్బందికి దొరికింది మాత్రం ఎవరో వదిలేసిన లంగరు, బరువు ఐదారు టన్నులు.

ఇక మరమ్మతు ఎలా జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే అసలు ఆలస్యం ఎక్కడ ఉందో అప్పుడే అర్థమవుతుంది. ఒడ్డున ఉన్న స్టేషను నుంచి ఫైబరులోకి కాంతి తునకను పంపి, తిరిగివచ్చిన ప్రతిఫలనానికి పట్టిన కాలాన్ని బట్టి తెగిన చోటు అంచనా వేస్తారు. కేబుల్ పొడవునా 60 నుంచి 100 కిలోమీటర్లకు ఒక రిపీటరు, అంటే బలహీనపడిన కాంతి సంకేతాన్ని మళ్ళీ బలపరిచే సాధనం, ఉంటుంది కనుక, ఏ రెండు రిపీటర్ల మధ్య లోపం ఉందో ముందు తేలుతుంది. నౌక అక్కడికి చేరాక, లోతు తక్కువైతే రోబోను దించుతాము. రెండు మూడు కిలోమీటర్ల లోతైతే గ్రాప్నెల్ అనే ఇనుప కొక్కేన్ని తాడుకు కట్టి అడుగున ఈడుస్తాము. బావిలో పడిన చేదను పాతాళగరిగెతో వెతకడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే, మా బావి లోతు మూడు కిలోమీటర్లు, చేద స్థానంలో ఉన్నది బొటనవేలంత లావున్న కేబుల్. తాడు మీద బరువు పెరుగుతున్న తీరు చూసి అది కేబులో, రాయో గ్రహించాలి. కొక్కెం అడుగుకు చేరడానికే గంటలు పడుతుంది.

ఒక కొస దొరికితే పైకి లాగి, ఒడ్డు దాకా బాగుందో లేదో పరీక్షించి, కొసను మూసి, తేలే బోయాకు కట్టి వదులుతాము. తరువాత రెండో కొస కోసం వేట. అది దొరికాక నౌకలో ఉన్న అదనపు కేబులును దానికి అతికి, పరుచుకుంటూ బోయా దగ్గరకు వచ్చి, చివరి అతుకు వేస్తాము. తెగిన రెండు కొసలనూ నేరుగా కలపడం కుదరదు. రెండింటినీ నీటి పైకి తేవాలంటే లోతుకు రెట్టింపు పొడవైనా కొత్త కేబుల్ చేర్చాలి, అందుకే మరమ్మతు అయిన చోట కేబుల్ తిన్నగా కాక పక్కకు ఒక మెలికలా పడి ఉంటుంది. అతుకు వేసే మనిషిని జాయింటరు అంటారు. వెంట్రుకవంటి ఫైబర్లను ఒక్కొక్కటిగా కరిగించి అతికి, పైన పాలిథిన్ పోసి, ఆ పోతలో గాలిబుడగ ఉందేమోనని ఎక్స్‌రే తీసి చూస్తాడు. ఊగుతున్న నౌకలో ఆ గదిలోకి కెప్టెన్ కూడా చప్పుడు చేస్తూ రాడు.

ఈ పని అంతా వాతావరణం అనుకూలిస్తే వారం, పది రోజులది. మరి నెలలు ఎందుకు పడతాయి? 2024లో యెమెన్ జలాల్లో పనిచేయడానికి ఎవరి అనుమతి తీసుకోవాలో తేలడానికే నెలలు గడిచాయి. ప్రపంచం మొత్తం మీద కేబుల్ నౌకలు దాదాపు 60. వాటిలో చాలావాటికి కొత్త కేబుళ్ళు వేసే పనే సరిపోతుంది. మరమ్మతు కోసం భారత జెండా ఎగురవేసే నౌక మనకు ఉండాలని ట్రాయ్ 2023లో గట్టిగానే చెప్పింది. అంతవరకు మన సముద్రంలో తెగినా ఎక్కువగా విదేశీ నౌకే రావాలి, దానికి మన శాఖల అనుమతులన్నీ రావాలి.

సందేహాలరావు:
పాతాళగరిగె పోలిక చదివాక సముద్రపు తీగల మీద నా చులకన భావం కొంత తగ్గిందని ఒప్పుకుంటున్నాను. ఒక సాంకేతిక సందేహం. మూడు కిలోమీటర్ల లోతున ఉన్న రిపీటరుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?

కాంతిరేఖ:
మంచి ప్రశ్న అడిగారు. ఫైబర్ల చుట్టూ ఒక రాగి గొట్టం ఉంటుంది. రెండు ఒడ్డుల స్టేషన్ల నుంచీ దానిలోకి వేల వోల్టుల డీసీ విద్యుత్తును పంపుతారు. పొడవైన కేబుళ్ళలో అది 10,000 వోల్టులకు చేరుతుంది, ప్రవాహం మాత్రం ఒక ఆంపియరు అటూ ఇటూ. రెండో తీగ ఉండదు, తిరుగు మార్గం సముద్రమే. ఒక కొన ధనం, రెండో కొన ఋణం కనుక మధ్యలో ఎక్కడో వోల్టేజి సున్నా అవుతుంది. ఒక లంగరు కేబులును తెంచకుండా కేవలం పై తొడుగును గీసి, రాగి సముద్రపు నీటికి తగిలిందనుకుందాం. అప్పుడు రెండు స్టేషన్లవారూ వోల్టేజీలను సర్ది, ఆ సున్నా బిందువును సరిగ్గా గాయమైన చోటికి జరుపుతారు. అక్కడ నీటికీ రాగికీ మధ్య ఒత్తిడి తేడా ఉండదు కనుక కేబుల్ గాయంతోనే పనిచేస్తూ ఉంటుంది, మరమ్మతు నౌక వచ్చేదాకా వాడుకదారులకు ఏమీ తెలియదు. ఈ ఒక్క సంగతి చెప్పడానికి నేను ఏటా తరగతిలో పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటాను.

భీమిలితీరం:
అందరికీ నమస్కారం. మాది భీమిలి దగ్గర మత్స్యకార కుటుంబం. మా నాన్నగారికి మర బోటు ఉంది. లంగర్లు, వలలే ముప్పాతిక నష్టానికి కారణమని చదివి మనసు కొంచెం చివుక్కుమంది. మా వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. సముద్రం అడుగున ఏముందో బోటు మీద ఉన్నవాడికి కనబడదు. వల దేనికైనా చిక్కుకుంటే ఆ ఒక్క వల ఖరీదే మాకు రెండు మూడు వేటల సంపాదన. గట్టిగా లాగి విడిపించుకోవాలనే చూస్తాడు గానీ, దాన్ని కోసి వదిలేయడానికి ఎవరికి చెయ్యి వస్తుంది? రేపు విశాఖకు కేబుళ్ళు వస్తే వేటకు వెళ్ళవద్దని కొంత సముద్రాన్ని మూసేస్తారేమో అన్న భయం మా వాళ్ళలో ఉంది.

నడిసంద్రం:
భీమిలితీరం గారూ, మీ బాధ న్యాయమైనది, దానికి అంతర్జాతీయ చట్టంలోనే చోటు ఉంది. 1884లో పారిస్‌లో కుదిరిన తంతి కేబుళ్ళ ఒడంబడికలోనే ఒక నియమం పెట్టారు. అదే 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టంలో 115వ అధికరణంగా కొనసాగుతోంది. కేబులుకు హాని జరగకుండా ఉండేందుకు లంగరునో, వలనో వదులుకున్నామని నిరూపించగలిగిన నౌక యజమానికి, ముందుగా తగిన జాగ్రత్తలు తీసుకుని ఉంటే, కేబుల్ యజమాని పరిహారం చెల్లించాలి. మన దేశం ఆ చట్టాన్ని 1995లో ఆమోదించింది. ఒక భారీ కంపెనీ నౌకకు ఇది సులభం, మర బోటుకు ఆ నిరూపణ ఎంత కష్టమో నాకు తెలుసు. వల చిక్కుకున్న చోటి అక్షాంశ రేఖాంశాలు, సమయం, వీలైతే ఫోనులో ఒక ఫొటో తప్పక నమోదు చేసుకోమని మీవారికి చెప్పండి.

ఎట్టి పరిస్థితుల్లోనూ చిక్కిన కేబులును పైకి లాగి గొడ్డలి వేయకూడదు. దానిలో వేల వోల్టులు ఉంటాయని కాంతిరేఖ గారు ఇప్పుడే చెప్పారు. బరువుకు బోటు తిరగబడే ప్రమాదం కూడా ఉంది. 2007లో వియత్నాం తీరంలో తుక్కు లోహం కోసం పనిలో ఉన్న కేబులునే కొందరు కోసి పట్టుకుపోయారు. ఆ దేశానికి కొన్ని నెలలపాటు ఇబ్బంది కలిగింది.

తీరానికి దగ్గరగా కేబులును మీటరు, మీటరున్నర లోతున ఇసుకలో పాతిపెడతారు. అక్కడ చుట్టూ ఉక్కు తీగల కవచం కూడా ఉంటుంది. నడిసముద్రంలో వేలంత ఉన్నది ఒడ్డు దగ్గర మణికట్టంత అవుతుంది. అందువల్ల మామూలు గిల్ వలలు, తెప్పల వేట వల్ల ముప్పు ఏమీ ఉండదు. జాగ్రత్త పడవలసినవి అడుగును దువ్వే ట్రాల్ వలలు, ఆపైన రేవు బయట కాచుకుని ఉండే పెద్ద ఓడల లంగర్లు.

నికోబారుగాలి:
నేను పోర్ట్ బ్లెయిరులో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో పుట్టి పెరిగినవాణ్ణి. మా తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చారు. ఇక్కడ తెలుగువారి కుటుంబాలు చాలా ఉన్నాయి. కేబుల్ విలువ తెలియాలంటే కేబుల్ లేని ఊళ్ళో బతకాలి.

2020 దాకా మాకు బయటి ప్రపంచంతో సంబంధమంతా ఉపగ్రహాల ద్వారానే. మా చెల్లెలు ఇంజనీరింగ్ ప్రవేశానికి దరఖాస్తు నింపి పంపాలంటే తెల్లవారుజామున మూడు గంటలకు లేచేది, ఆ వేళ అందరూ నిద్రపోతారు కనుక పేజీ తెరుచుకునేది. సందేహాలరావు గారు ఉపగ్రహాల గురించి అన్న మాటకు ఇదే నా సమాధానం. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్ నికోబార్ కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవు, 1,224 కోట్ల రూపాయల ఖర్చు. చెన్నైకీ మాకూ మధ్య సెకనుకు 200 గిగాబిట్ల చొప్పున రెండు మార్గాలు, ఇక్కడి నుంచి స్వరాజ్ ద్వీపం, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలండ్, రంగత్‌లకు కొమ్మలు. అవి కరోనా రోజులు కావడంతో ఆ నెలలోనే మా వీధి పిల్లలు మొదటిసారిగా ఆన్‌లైన్ పాఠాలు ఆగకుండా విన్నారు.

కానీ ఒకే కేబుల్ మీద ఉన్నవాళ్ళకు ఒక భయం ఎప్పుడూ వెంటాడుతుంది. 2022 జనవరి 15న అగ్నిపర్వతం బద్దలై టోంగాకున్న ఏకైక అంతర్జాతీయ కేబుల్ తెగి, ఐదు వారాలపాటు ఆ దేశం దాదాపు మూగబోయిన వార్త ఇక్కడ మేము మామూలు పాఠకుల్లా చదవలేదు. 2004 డిసెంబరు 26 సునామీని చూసిన దీవులు మావి.

గోదావరిగట్టు:
నికోబారుగాలి గారి మాటలు చదివాక నా ఫ్రాంక్‌ఫర్ట్ అక్షరాల బాధ చాలా చిన్నదిగా అనిపిస్తోంది. అయినా నా రెండో ప్రశ్న మిగిలే ఉంది. విశాఖ సంగతి ఏమిటి? 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో ఏఐ కేంద్రం పెడతామని, దానితోపాటు అంతర్జాతీయ సముద్ర కేబుళ్ళకు విశాఖను ద్వారంగా చేస్తామని ప్రకటించింది. దాంతో మన ఊళ్ళలో ఇంటర్నెట్ వేగం పెరుగుతుందని మా బంధువులు సంబరపడుతున్నారు.

కాంతిరేఖ:
బంధువుల సంబరం మీద నీళ్ళు చల్లడం ఇష్టం లేదు కానీ, లెక్క చూడండి. చెన్నై నుంచి సింగపూర్‌కు మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే సుమారు 2,900 కిలోమీటర్లు. విశాఖ నుంచి గీసినా దాదాపు అంతే. కాంతికి ఇందులో లాభమూ లేదు, నష్టమూ లేదు. మీ ఇంట్లో వేగాన్ని నిర్ణయించేది మీ వీధిలోని ఫైబరు, మీ సంస్థ కొనుక్కున్న సామర్థ్యం. ల్యాండింగ్ స్టేషను మీ ఊళ్ళో ఉన్నంత మాత్రాన సినిమా త్వరగా తెరుచుకోదు. కేబుల్ పక్కనే ఉండడం వల్ల నేరుగా లాభపడేది డేటా సెంటర్లే.

అసలు లాభం వేరే చోట ఉంది. తూర్పు తీరంలో అంతర్జాతీయ కేబుళ్ళకు ఉన్న పెద్ద రేవు చెన్నై ఒక్కటే. ఒకే నగరం, దగ్గర దగ్గర తీరాలు, ఒకే తుపాను దారి. ఆరేడు వందల కిలోమీటర్ల ఎడంగా మరో రేవు ఉంటే ఒకదానికి ఆపద వచ్చినా రెండోది నిలుస్తుంది. ఇంతకుముందు చెప్పిన గుంజల పోలికలో ఇది రెండో గుంజ. అయితే ఇది తూర్పు వైపు గుంజ అని మరవకండి. విశాఖ నుంచి బయలుదేరిన కేబుళ్ళు కూడా సింగపూర్ దారిలో ఉన్న ఇరుకైన మలక్కా జలసంధిలోనే దూరితే అక్కడ మరో ఎర్ర సముద్రాన్ని మనమే తయారుచేసుకున్నట్టు. 2006 డిసెంబరు 26న తైవాన్ దక్షిణాన వచ్చిన భూకంపం ఒక్క దెబ్బకు అనేక కేబుళ్ళను తెంచింది, 11 నౌకలు 49 రోజులు శ్రమించవలసి వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్‌తో పనిచేసే మీకు విశాఖ ఇచ్చేది ఒక మెరుగైన ప్రత్యామ్నాయం, అంతే. పడమటి దారి ఇరుకు విశాఖతో తీరదు. ఆఫ్రికాను చుట్టి వెళ్ళే 45,000 కిలోమీటర్ల టూఆఫ్రికా, ఎర్ర సముద్రం తగలకుండా అమెరికా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, భారత్‌లను కలుపుతామని మెటా సంస్థ 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన 50,000 కిలోమీటర్ల వాటర్‌వర్త్ వంటి దారులు ఆ పని చేయాలి.

నడిసంద్రం:
కాంతిరేఖ గారితో ఏకీభవిస్తూ నావికుడి చూపుతో రెండు మాటలు చేరుస్తాను. ముంబయి దగ్గర సముద్రం వందల కిలోమీటర్ల దాకా లోతు తక్కువ. అంత దూరమూ కేబుల్ వలలకు, లంగర్లకు అందుబాటులోనే ఉంటుంది. విశాఖ తీరంలో ఆ అరుగు చాలా సన్నది, కొన్ని పదుల కిలోమీటర్లు వెళితే చాలు అడుగు ఒక్కసారిగా దిగిపోతుంది. లోతుకు త్వరగా చేరడం కేబులుకు క్షేమం, భీమిలితీరం గారి నాన్నగారి వేటకూ క్షేమం. ఈ సౌలభ్యం గురించి ప్రకటనల్లో ఎక్కడా మాట్లాడరు, నాకైతే విశాఖకు ఉన్న మంచి అర్హత ఇదే.

రెండో మాట హెచ్చరిక. బంగాళాఖాతం అడుగంతా గంగా బ్రహ్మపుత్రల ఒండ్రు. నదీముఖాల ఎదుట సముద్రగర్భంలో లోయలు ఉంటాయి, వాటిలో ఒండ్రు కొండచరియలా జారితే కేబుళ్ళు నిలవవు. 2020 జనవరిలో ఆఫ్రికాలోని కాంగో నది ఎదుట అలా జారిన బురద 1,100 కిలోమీటర్లకు పైగా పరుగెత్తి కేబుళ్ళను తెంచింది. గోదావరి, కృష్ణల ఎదుట దారి ఎంచుకునేటప్పుడు సర్వే విషయంలో పొదుపు పనికిరాదు.

భీమిలితీరం:
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో రోజుల తరబడి ఫోను మోగలేదు. దుబాయిలో ఉన్న మా బాబాయి మేము బతికి ఉన్నామో లేదో తెలియక అల్లాడిపోయారు. ఇంత ఖరీదైన కేబుళ్ళు వస్తే అలాంటి తుపానులో అయినా మాట కలుస్తుందా?

తంతితపాలా:
బాబూ, ఆ రోజుల్లో ఆ జిల్లాల సమాచారం కోసం ఎదురుచూసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తుపాను సముద్రం పైభాగాన్ని కల్లోలం చేస్తుంది గానీ, రెండు కిలోమీటర్ల అడుగున పడి ఉన్న కేబులుకు ఆ సంగతే తెలియదు. హుద్‌హుద్‌లో పోయినవి టవర్లు, స్తంభాలు, కరెంటు, చెట్ల కూకటివేళ్ళతో పాటు పైకి లేచిన నేల ఫైబర్లు. సముద్రం దాటి వచ్చిన మాట బీచి నుంచి మీ ఇంటికి రావడానికి ఆ చివరి నాలుగు కిలోమీటర్లలోనే తెగిపోతుంది. కేబుళ్ళకు పెట్టే వేల కోట్లలో కొంతైనా విశాఖ నేల మీది తీగలను భూమిలోకి దించడానికీ, టవర్ల బ్యాటరీలకూ పెడితే మీ బాబాయికి ఫోను కలుస్తుంది. పదవిలో ఉన్నప్పుడు ఈ మాట ఫైళ్ళలో రాసి రాసి అలసిపోయాను కనుక ఇక్కడ కూడా రాస్తున్నాను.

సందేహాలరావు:
ఈ చర్చకే అవసరం ఉండదన్న నా మొదటి వ్యాఖ్యను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే తుపాను మర్నాడు ఒడ్డున నిలబడినవాడికి ఉపగ్రహ ఫోనే దిక్కని తంతితపాలా గారి మాటల వల్లనే తేలుతోంది కనుక, నాది పూర్తి ఓటమి కాదని మనవి.

భీమిలితీరం:
నడిసంద్రం గారికి చివరిగా ఒక ప్రశ్న. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ బోట్లన్నీ రేవులోనే ఉంటాయి కనుక మావాళ్ళను కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పడానికి అదే మంచి సమయం. కేబుల్ వెళ్ళే దారిని సముద్రపు చార్టులో ఎలా గుర్తిస్తారు? మా బోట్లలో ఉన్న చిన్న జీపీఎస్ తెరల మీద అది కనబడుతుందా?

నడిసంద్రం:
చార్టులో కేబులును మెజెంటా రంగులో అలలలాంటి గీతగా చూపిస్తారు. సరిహద్దు గీతలు కూడా అదే రంగులో ఉంటాయి కనుక అలల ఆకారాన్నే గుర్తుపట్టమనండి. మీ జీపీఎస్‌లో చార్టు లేకుండా కేవలం బిందువులు నమోదు చేసుకునే రకమైతే గీత కనిపించదు. అప్పుడు కేబుల్ దారిలోని మలుపుల అక్షాంశ రేఖాంశాలను తీసుకుని, ఒక్కొక్కదాన్నీ మీరు రాళ్ళున్న చోట్లను గుర్తు పెట్టుకున్నట్టే చేత్తో ఎక్కించుకోవాలి. కేబుల్ వేసే నౌక రావడానికి ముందు నావికులకు ప్రకటన వెలువడుతుంది, ఆ బిందువులు అందులో ఉంటాయి. ఆ ప్రకటన ఇంగ్లీషులో వస్తుంది. మీరు దాన్ని ఇక్కడ పెడితే తెలుగులో రాసి ఇచ్చే పూచీ నాది.